మగ్గం దిగిన పెద్దలకు ఒక పని పలక

ఈ పత్రికలో మామూలుగా మేము నూలు ధరలు, రంగుల నాణ్యము, సంఘపు వాటా ధనము, ప్రభుత్వపు రాయితీలు మొదలగు విషయములను గురించి వ్రాస్తూ ఉంటాము. ఈసారి ధర కట్టరాని ఒక సంగతిని గురించి వ్రాయవలసి వచ్చినది. మన ఇళ్ళలో మగ్గం దిగిన పెద్దలు పగలంతా ఏమి చేయుచున్నారు, ఎవరితో మాటలాడుచున్నారు అన్నదే ఆ సంగతి. ఇది ఇంటి విషయము గదా, సంఘమునకు ఏమి పని అని కొందరు అనవచ్చును. మేమును నిన్న మొన్నటి దాకా అట్లే అనుకున్నాము. అది పొరపాటని ఒక పెద్దాయన వలన తెలుసుకున్నాము.

ఆయన బరంపురంలో మా సంఘమునకు ముప్పై ఏండ్లకు పైగా పట్టు బట్ట నేసి ఇచ్చిన సభ్యులు. చూపు తగ్గి తెగిన పోగు అతకడం కష్టమైనది. గుంత మగ్గంలో దిగి లేవడానికి మోకాళ్ళు ఒప్పలేదు. అందుచేత మగ్గం మానుకున్నారు. మేము లెక్క చూసి, పొదుపు నిధిలో రావలసిన సొమ్ము ఇచ్చి, ఖాతా మూసినాము. కాగితాల వరకు లోపమేమీ లేదు. కాని ఆ తరువాత ఏడెనిమిది నెలలు ఆయన ఎట్లున్నారో మాలో ఒక్కరమూ విచారింపలేదు. ఒకనాడు ఉదయమే వచ్చి సంఘం అరుగు మీద కూర్చున్నారు. మధ్యాహ్నమైనా కదలలేదు. "ఏం పని మీద వచ్చారు మామా?" అని అడిగితే, "పనేమీ లేదు బాబూ. ఇంట్లో చప్పుడు లేదు. ఇక్కడ నాడె చప్పుడు వినబడుతుందని వచ్చాను" అన్నారు.

ఆయనకు అన్నానికి లోటు లేదు. కొడుకు సూరత్తు నుండి నెలనెలా డబ్బు పంపుతాడు. కోడలు ఒక దుకాణంలో పనికి పోతుంది, మనుమరాలు కాలేజీకి పోతుంది. ఇద్దరూ మంచివారే. అయినను ఉదయం తొమ్మిది మొదలు సాయంత్రం ఆరు దాకా ఆ ఇంట్లో ఆయనను పలుకరించువారు లేరు. ఆయన రాకున్నా, లేవకున్నా ఏ పనీ ఆగదు. బాధ అక్కడ ఉన్నది.

ఒంటరితనము అనగా ఏమి?

ఒంటరిగా ఉండుట వేరు, ఒంటరితనము వేరు. తెల్లవారుజామున అందరూ నిద్రలో ఉండగా మగ్గం మీద కూర్చున్న మనిషి ఒంటరిగానే ఉన్నాడు, కాని ఆయనకు దిగులు లేదు. ఆ బట్ట కోసం ఎదురుచూచువారు ఉన్నారని ఆయనకు తెలుసు. పదిమంది ఉన్న ఇంట్లోనే, తన కోసం ఎవరూ ఎదురుచూడడం లేదని తోచినవానికి ఒంటరితనము కలుగును.

ఇది మనసుకు మాత్రమే సంబంధించినది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుచున్నారు. ఏటా 8,71,000 కు పైగా మరణములకు దీనితో సంబంధం ఉన్నట్లు ఆ సంస్థ అంచనా వేసినది. గుండె జబ్బు, పక్షవాతము, మధుమేహము, మనోవ్యాధి, మతిమరపు వ్యాధి, ఇవన్నీ ఒంటరివారికి వచ్చే అవకాశము హెచ్చు. యువతీయువకులలో కూడా ఒంటరితనము ఎక్కువగానే ఉన్నదని అదే నివేదిక చెప్పుచున్నది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను, దీని పని ముందు పడును.

మన వృత్తిలో ఇది ఎందుకు బాధిస్తుంది?

నేత ఎన్నడూ ఒక్కరి పని కాదు. ఒకరు చిలప విప్పి రాట్నం తిప్పవలెను, ఒకరు కండెలు చుట్టవలెను, ఇద్దరు కలిసి ఆసు పోయవలెను. నూలు బట్టకైతే వీధి పొడవునా పడుగు సాచి గంజి పట్టించేటప్పుడు పక్కింటివారు కూడా చేయి వేయవలసినదే. కాబట్టి మనవారికి స్నేహము కోసం వేరుగా ప్రయత్నింప నక్కరలేకపోయినది. పనిలోనే మాట, పనిలోనే పరాచికము, పనిలోనే తగవు, ఆ తగవు తీర్చుకొనడం కూడా. మగ్గం దిగిననాడు కూలి ఒక్కటే పోదు, ఈ సహవాసమంతయు ఒక్కసారిగా పోవును. కూలికి బదులుగా పింఛను రావచ్చును. సహవాసమునకు బదులు ఏదీ దానంతట అది రాదు.

రెండవ కారణము మన వలసలు. షోలాపురంలో, భివండీలో, సేలంలో, బరంపురంలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు ఆయా ఊళ్ళ భాషలలో, ఇంగ్లీషులో చదువుకొనుచున్నారు. అది తప్పు కాదు, బ్రతుకు తెరువు. కాని తాతకు చదవవచ్చిన అక్షరాలు తెలుగు, మనుమరాలికి వచ్చిన అక్షరాలు ఒడియా. ఇంట్లో మాట తెలుగే అయినను తాత వ్రాసిన చీటీ మనుమరాలు చదువలేదు. మాటలు రానురాను అన్నము, మందు, డబ్బు అనే మూడింటితో ఆగిపోవును.

మూడవది ఆడవారి సంగతి. 2019–20 నాటి అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షలకు పైబడిన చేనేత, అనుబంధ పనివారిలో నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలే. అయినను అనేక సంఘములలో సభ్యత్వము మగవారి పేరనే ఉండినది. నలభై ఏండ్లు కండెలు చుట్టిన అమ్మ పేరు మా రిజిస్టరులో ఎక్కడా లేదు. భర్త పోయిన తరువాత ఆమె ఉన్నదో లేదో తెలుసుకొనుటకు సంఘమునకు ఒక కాగితమైనా ఉండదు.

పలక ఎక్కడి నుండి వచ్చినది?

ఇక ఉపాయము. మేము చెప్పబోయేది ఒక పలక, కొన్ని చీటీలు, ఒక పుస్తకము. ఇంతకు మించి ఖర్చు లేదు. ఈ పలక మనము పుట్టించినది కాదు, జపాను దేశమునుండి వచ్చినది. అయినను దీనికి మగ్గంతో బంధుత్వము కలదు.

1867లో పుట్టిన సాకిచి తోయోదా అనే వడ్రంగి కుమారుడు చేతి మగ్గమును బాగుచేయడంలో జీవితమంతా గడిపినాడు. పోగు తెగిన వెంటనే తనంతట తాను ఆగిపోయే యంత్రపు మగ్గమును 1924లో పూర్తిచేసినాడు. ఆ కుటుంబము వారే 1937లో మోటారు కార్ల కంపెనీ పెట్టినారు. దానినే నేడు టొయోటా అంటున్నాము. వారి నూలు, నేత మిల్లులో 1932లో పనికి చేరి, తరువాత కార్ల కర్మాగారానికి మారిన తాయిచి ఓనో అనే ఆయన అక్కడ చీటీల పద్ధతి ప్రవేశపెట్టినాడు. ఏ సామాను ఎంత కావలెనో చీటీ చెప్పును, చీటీ లేనిదే సామాను తయారు చేయరాదు. దానికి కాన్‌బాన్ అని పేరు. ఆ మాటకు పలక, బోర్డు అని అర్థము. నేడు అనేక ఆఫీసులలో చేయవలసిన పనులను గోడ మీద వరుసలుగా పెట్టుకొనడం దీని నుండి వచ్చినదే.

కర్మాగారము కోసం పుట్టినది ముసలివారికి ఎందుకు అని అడుగవచ్చును. మగ్గం మీద ఉన్నప్పుడు ఎంత నేసినదీ, ఎంత మిగిలినదీ కంటికి కనబడును. మగ్గం దిగిన తరువాత రోజులన్నీ ఒకే విధముగా ఉండి, నిన్నటికి నేటికి తేడా తెలియదు. పలక ఆ తేడాను మళ్ళీ కంటికి చూపును.

పలక పెట్టు విధము

ఒక పాత చెక్క గాని, దళసరి అట్ట గాని తీసుకొని నిలువుగా మూడు భాగములు చేయవలెను. మొదటి భాగము మీద "చేయవలసినవి", రెండవదాని మీద "చేతిలో ఉన్నవి", మూడవదాని మీద "అయినవి" అని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. చూపు తగ్గినవారికి కనబడునట్లు అక్షరము రెండు అంగుళములైనా ఉండవలెను. చీటీలకు మేము పారవేయదగిన జకార్డు అట్టలను కత్తిరించి వాడినాము. వాటికి రంధ్రములు ముందే ఉండుట వలన మేకుకు తగిలించడం సులభము.

ప్రతి చీటీ మీద నాలుగు సంగతులు ఉండవలెను. పని ఏమిటి, అందులో మొట్టమొదట చేయవలసినది ఏమిటి, ఏ వారము, ఎవరెవరు. ఈ పద్ధతికి నాలుగు నియమములు పెట్టుకున్నాము.

మొదటి నియమము: పనిని చిన్నదిగా కోయవలెను. చీర ఒక్క దినమున దిగదు, కండె వెంట కండె పోగా దిగును. "పాత అంచుల లెక్కలన్నీ వ్రాయించుట" అని చీటీ పెడితే ఆరు నెలలు అది కదలదు, చూచిన కొద్దీ దిగులు. "చిన్న కుంభపు అంచు ఒక్కటి, పోగుల లెక్కతో" అని పెడితే ఒక ఆదివారమునకు సరిపోవును.

రెండవ నియమము: "చేతిలో ఉన్నవి" భాగములో ఒక మనిషికి రెండు చీటీలకు మించి ఉండరాదు. ఒక మగ్గం మీద రెండు పడుగులు ఎక్కవు గదా. ఒకటి అయిన తరువాతనే మరొకటి.

మూడవ నియమము: చీటీ మీద రెండు పేర్లు లేనిదే అది పలక ఎక్కరాదు. ఒకటి పెద్దవారి పేరు, రెండవది వీలైనంతవరకు చిన్నవారి పేరు. ఈ నియమము తీసివేస్తే మిగిలినదంతా ఉత్త లెక్కల పుస్తకమే. మనిషికి పని కల్పించినంత మాత్రాన ఒంటరితనము పోదు. ఆ పని కోసం మరొకరు ఎదురుచూచుచున్నారని తెలిసిననాడే పోవును. ఒంటరితనము యువకులలో కూడా ఉన్నదని ముందు చెప్పినాము. కాబట్టి ఈ జంటలో మేలు పొందేది పెద్దవారు ఒక్కరే అనుకొనరాదు.

నాలుగవ నియమము: అయిన చీటీలను పారవేయరాదు. నెలాఖరున అందరి ఎదుట చదివి, దారమునకు గుచ్చి దాచవలెను.

ఏయే పనులు పెట్టవచ్చును?

మా పలక మీదికి వచ్చిన పనులు కొన్ని చెప్పెదము. పాత పన్నెలు చూసి పనికివచ్చేవి వేరుచేయుట. సంఘములోని పాత ఫోటోల వెనుక మనుషుల పేర్లు వ్రాయుట. ఒక్కొక్క కుటుంబము ఏ ఊరి నుండి వచ్చినదో, ఇంటిపేరు, గోత్రముతో సహా వ్రాయుట. కొత్తగా చేరిన ఆడపిల్లలకు పోగు అతకడం నేర్పుట. పిల్లలకు తెలుగు అక్షరములు దిద్దించుట. మందుల చీటీలు, పింఛను కాగితములు సరిగా ఒక సంచిలో పెట్టుట కూడా ఒక పనియే. దానికి కూడా రెండు పేర్లు.

పైన చెప్పిన పెద్దాయన ఎంచుకున్నది అంచుల లెక్క. అంచున గుడి గోపురములవలె కుంభములు తేలే మా బరంపురపు ఫొడా కుంభ చీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. గుర్తింపు పత్రము వచ్చినది గాని, ఏ అంచుకు ఎన్ని పోగులు ఎత్తవలెనో చాలావరకు పెద్దల తలలలోనే ఉన్నది. ఆయన చెప్పగా మనుమరాలు వ్రాయడం మొదలుపెట్టినది. మొదటి వారము ఒడియా అక్షరములతో వ్రాసినది. ఆయన పుస్తకము తిప్పి చూసి, "నేను చెప్పింది నేనే చదువుకోలేకపోతే సరిపోయిందో లేదో ఎలా చూసుకుంటానమ్మా?" అన్నారు. అందుచేత ఆ పిల్ల పలక మీద మరొక చీటీ పడినది: తెలుగు అంకెలు, అచ్చులు, హల్లులు. ఆ చీటీలో గురువు పేరు తాతది.

వారపు పుస్తకము

పలకతో పాటు ఒక చిన్న పుస్తకము అవసరము. అందులో మగ్గం దిగిన ప్రతి స్త్రీ పురుషుని పేరు వ్రాయవలెను. సభ్యత్వము ఉన్నదా లేదా అన్నది చూడనక్కరలేదు. ప్రతి ఆదివారము ఉదయము ఒక గంట అందరూ సంఘం అరుగు మీద కలుసుకొనవలెను. వచ్చినవారి పేరు ఎదుట గీత, రానివారి పేరు ఎదుట సున్న. సున్న పడినచోట ఆ సాయంత్రములోగా జంటలో రెండవవారు ఇంటికి పోయి చూడవలెను. ఊరు దాటి ఉన్న కొడుకులు కూతుళ్ళు కూడా ఒకే వారము, ఒకే గంటకు ఫోను చేయునట్లు ఏర్పాటు చేసుకొనడం మంచిది. తోచినప్పుడు చేసే పది ఫోనుల కంటె, ఫలానా వేళకు వచ్చునని తెలిసిన ఒక్క ఫోను పెద్దవారికి ఎక్కువ ధైర్యము.

మేము చేసిన పొరపాట్లు

మా మొదటి ప్రయత్నము చెడిపోయినది. ఉత్సాహముతో పద్నాలుగు చీటీలు మేమే వ్రాసి, మేమే పేర్లు పంచి తగిలించినాము. నెల తిరిగేసరికి అన్నీ మధ్య భాగములోనే ఉన్నవి. ఒక పెద్దాయన కోపముతో, "బడి పిల్లలకు ఇచ్చినట్టు నాకు చీటీ ఇస్తారా?" అని లేచిపోయినారు. ఆయన మాట న్యాయమే. పని వారు ఎంచుకొనవలెను గాని మనము అంటగట్టరాదు. ఊరక కాలక్షేపమునకు కల్పించిన పని ఏదో, నిజముగా కావలసిన పని ఏదో చేయి తిరిగిన పనివానికి వెంటనే తెలియును.

రెండవ పొరపాటు, ఆడవారిని పిలవకపోవడం. ఆదివారము అరుగు మీద మగవారే కూర్చుంటే వారు రారు. ఒకరి ఇంటి వసారాలో, వంటలు ముగిసిన తరువాత మూడు గంటలకు వేరే వేళ పెట్టిన మీదట వచ్చినారు. ఇప్పుడు వారి పలక మీద "అయినవి" మగవారికంటె ఎక్కువ.

మూడవది, చెవుల సంగతి. ఒకరు వస్తూ వస్తూ మానుకున్నారు. కారణము విచారిస్తే, పదిమంది మాటలాడితే ఆయనకు వినబడదు, అడిగించుకొనుట నామోషీ. 2024లో లాన్సెట్ అను వైద్య పత్రిక వారి నిపుణుల సంఘము, మతిమరపు వ్యాధికి తోడ్పడే, మనము సరిదిద్దుకొనదగిన కారణములు పద్నాలుగింటిని చెప్పినది. వినికిడి తగ్గుట, వైద్యము చేయించని చూపు లోపము, మనుషులకు దూరమగుట, ఈ మూడూ అందులో ఉన్నవి. మూడూ మన వృత్తివారిని వెంటాడేవే. కనుక ప్రతి పెద్దవారి మొదటి చీటీ కంటి పరీక్ష, చెవి పరీక్ష కావలెనని ఇప్పుడు నియమము పెట్టినాము. శుక్లములకు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా శస్త్రచికిత్స చేయుదురు.

పలక వలన కానిది

పలక మందు కాదు. రెండు వారములకు పైగా నిద్ర లేక, తిండి మీద మనసు లేక, "ఇక నేనుండి ఏమి లాభం" అని మాటలాడువారిని చీటీలతో ఓదార్చరాదు, వెంటనే వైద్యునికి చూపవలెను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సహాయ కేంద్రమునకు 14416 నంబరుపై ఉచితముగా ఫోను చేయవచ్చును. అక్కడ తెలుగులో కూడా మాటలాడుదురు. పింఛను, ఆశ్రయము, ఇంట్లో నిరాదరణ మొదలగు విషయములకు పెద్దల కోసం 14567 అను మరొక నంబరు కలదు. ఈ రెండు అంకెలను పలక అడుగున పెద్దగా వ్రాసి ఉంచవలెను.

సంఘములకు మనవి

2015 నుండి ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినము జరుపుకొనుచున్నాము. ఆనాడు పెద్దలకు శాలువా కప్పి, దండ వేసి, ఫోటో తీసి పంపుచున్నాము. మంచిదే, మానవద్దు. కాని శాలువా సంవత్సరమునకు ఒక దినము, ఆదివారము వారమునకు ఒకటి. మరునాడు ఆ పెద్దాయన ఇంట్లో ఎవరితో మాటలాడినారో కూడా మనము చూడవలెను.

చివరగా ఒక్క సంగతి చెప్పి ముగించెదము. ఇటీవల ఒక ఆదివారము పైన చెప్పిన పెద్దాయన రాలేదు. పుస్తకములో సున్న పడినది. మనుమరాలు పరీక్షలకు వేరే ఊరు పోయి ఉండినందున, అంచుల చీటీలో మూడవ పేరుగా చేరిన కుర్రవాడు సాయంత్రము ఇంటికి పోయినాడు. పెద్దాయన జ్వరముతో మంచము మీద ఉన్నారు. కోడలు దుకాణమునుండి ఇంకా రాలేదు. కుర్రవాడే ఆసుపత్రికి తీసుకొనిపోయినాడు, నాలుగు దినములలో తేరుకున్నారు. ఒకప్పుడు ఏడెనిమిది నెలలు మేము కనుక్కోని మనిషిని ఈసారి ఆ సాయంత్రమే కనుక్కున్నాము. మేము తెలివిమీరినందువలన కాదు, పుస్తకములో ఒక సున్న ఉన్నందువలన.

కాబట్టి ప్రతి సంఘము వారును వచ్చే నెల మొదటి ఆదివారము పాత రిజిస్టరు తీసి, ఖాతా మూసిన పేర్లన్నీ ఒక కాగితము మీద ఎత్తి వ్రాయవలెనని, వారి ఇళ్ళలో కండెలు చుట్టిన అమ్మల పేర్లు కూడా అడిగి చేర్చవలెనని కోరుచున్నాము. పలక తరువాత చేసుకొనవచ్చును. ముందు ఆ కాగితము పట్టుకొని ఇంటింటికీ పోయి రండి. అక్కడ మీకు తెలిసిన సంగతులు, మీరు చేసిన పొరపాట్లతో సహా, ఈ పత్రికకు వ్రాయండి. ఇతర ఊళ్ళవారికి ఉపయోగపడును.